ఆరని పొర

దెయ్యాలకి అర్ధరాత్రి, అమావాస్య, కుక్కల ఏడుపు ఉంటే తప్ప కుదరదని ఎవరు చెప్పారో నాకు తెలీదు. నాకు జరిగింది మాత్రం మధ్యాహ్నం మూడున్నరకి. పక్కింటావిడ కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు కూడా వినిపిస్తూనే ఉంది.

నేను బొమ్మలు వేసే గది మేడ మీద ఉంది. ఉత్తరం వైపు ఒకే ఒక్క పెద్ద కిటికీ. కిటికీ పక్కన బొమ్మ నిలబెట్టే ఈజిల్, ఎదురుగా బొమ్మకి కూర్చునేవాళ్ళ చేతుల కుర్చీ, గోడవారన సీసాలు. గదినిండా అవిసె నూనె, టర్పెంటైన్ వాసన. మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధి చివర ఆయన కొట్టు. భోజనానికి పిలవడానికి పైకి వచ్చినా గుమ్మం దాటడు, ముక్కు పట్టుకుని అక్కణ్ణుంచే కేకేస్తాడు.

నాది పొరల పని. నూనె రంగులతో, పాతకాలం పద్ధతిలో. ముందు మనిషిని ఉట్టి బూడిద రంగులో వేసెయ్యాలి. కన్నూ ముక్కూ వెలుగూ నీడా అన్నీ అందులోనే కుదిరిపోవాలి. ప్రాణం ఒక్కటే ఉండదు. మా గురువుగారు దాన్ని శవం పొర అనేవారు. అది బాగా ఆరాక దానిమీద నీళ్ళలాంటి పల్చటి రంగు ఒకటి. అది ఆరాక ఇంకొకటి. అలా ఇరవై పొరలు వేస్తే బూడిద లోపల్నుంచి నెత్తురు పొంగినట్టు ముఖం వస్తుంది. "ముందు మనిషిని చంపెయ్యి, తర్వాత ఓపిగ్గా బతికించు," అనేవారాయన.

ఆ ఓపికే నాకు లేదు. గురువుగారు నన్ను పేరుపెట్టి పిలిచింది తక్కువ, తొందరమ్మా అని పిలిచింది ఎక్కువ. ఆయన నిదానమే ప్రధానం అంటే నేను ఆలస్యం అమృతం విషం అనేదాన్ని. కింది పొర ఆరకుండా పైపొర వేస్తే, పైది బిగుసుకున్నాక కింది తడి కదులుతుంది, పైది పగిలిపోతుంది. అందుకని ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. తర్వాతి పొర వేసే ముందు బొటనవేలు ఆనించి చూడాలి. వేలికి అంటుకుంటే ఆరనట్టు, అంటుకోకపోతే ఆరినట్టు. చూశాక కాన్వాస్ వెనక్కి వెళ్ళి, పెన్సిల్‌తో తేదీ వేసి, ఆరింది అనో ఆరలేదు అనో రాయాలి. అబద్ధం మాత్రం రాయకూడదు. "ముందువైపు ఎన్ని అబద్ధాలైనా వేసుకో, వెనకవైపు నిజం రాయి," అనేవారు.

ఇక మా అక్క సంగతి. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నాకు జడలు వేసింది, చదివించింది, చెవి మెలిపెట్టింది, అన్నీ అదే. టెలిఫోన్ ఆఫీసులో నలభై ఏళ్ళు పనిచేసి, జనాన్నందర్నీ లైన్లో ఉండమని చెప్పి చెప్పి రిటైరైంది. బావగారు పోయాక పక్క వీధిలో ఒక్కతే ఉంటోంది. కిందటి వర్షాకాలం మెట్లెక్కుతూ ఆయాసపడి కూర్చుండిపోయింది. గుండెలో కవాటం ఒకటి పాడైందన్నారు. ఆపరేషన్‌కి ఇంకా ఇరవై రెండు రోజులుందనగా డాక్టరు దాని కాలి మడమ దగ్గర బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. ఆ గుంట ఎంతసేపటికీ పూడలేదు. ఆయన నావైపు తిరిగి, "చెప్పలేమండీ, సగం సగం," అన్నాడు.

అక్క పోతుందేమోనని నాకు భయం. డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తున్నాను. అది పోయేలోగా దాని ముఖం నా చేత్తో వేసి పెట్టుకోవాలి. నా బుర్రలో ఇంకో మాట లేదు.

కొత్త కాన్వాస్‌కి జిగురు పూసి, తెల్లపూత వేసి ఆరబెట్టేసరికి నెల గడిచిపోతుంది. నా దగ్గర నెల లేదు. కిందటేడు గురువుగారు పోయినప్పుడు ఆయన సామానంతా నా గదికే చేరింది. అందులో ఒక కాన్వాస్, గోడకి ముఖం తిప్పి ఉన్నది, సరిగ్గా నాకు కావలసినంత కొలతలో కనిపించింది. వెనక పెన్సిల్ రాత. తేదీ, పక్కన ఆరలేదు. మరుసటి ఏడు అదే తేదీ, ఆరలేదు. అలా ఇరవై ఆరు వరసలు ఉన్నాయి. చివరిది ఆయన పోయిన ఏడాదిది. అక్షరాలు వణికాయి గానీ మాట మారలేదు.

ఇటు తిప్పాను. శవం పొర. నలభై దాటిన ఆడమనిషి, తల కొంచెం పక్కకి వంచి, ఎవరో ఏదో చెబుతారని వింటున్నట్టు ఉంది. రంగు ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. ఆయన అంత మంచిది ఇంకోటి వేయగా నేను చూడలేదు. మామూలు రోజుల్లో అయితే దాన్ని ముట్టుకోను.

బుగ్గ మీద బొటనవేలు ఆనించాను. తీసేటప్పుడు... ఒక్క వెంట్రుకవాసి అంటుకుని వదిలింది.

ఇరవై ఆరేళ్ళనాటి రంగు అంటుకోవడమేంటి, నా మొహం, వాన చెమ్మ అయి ఉంటుందిలే అనుకున్నాను. పెన్సిల్ తీసి, వెనక ఇరవై ఏడో వరసలో ఆ రోజు తేదీ వేసి ఆరింది అని రాశాను. "ఎప్పుడో ఆరింది గురువుగారూ, మీ చాదస్తం గానీ," అని పైకే అన్నాను. కాన్వాస్ బిగుసుకుంటున్నప్పుడు వచ్చేలాంటి చప్పుడు, టప్‌మని ఒకటి వినిపించింది. చెక్క పాతది కదా అని నేను పట్టించుకోలేదు.

మర్నాడు అక్క వచ్చి కుర్చీలో కూర్చుంది. భుజం పట్టేసి దానికి చెయ్యి వెనక్కి పోదు. పైన శాలువా కప్పుకుని వచ్చేది, గౌను వెనక జిప్పు రోజూ నేనే పెట్టేదాన్ని. కూర్చుంటూనే నస మొదలెట్టింది. "మెడ సన్నంగా వెయ్యవే. గడ్డం కింద ఇంకో గడ్డం వేశావంటే చూడు."

"ఉన్నది వేస్తాను."

"ఉన్నది చూడ్డానికైతే అద్దముంది కదే."

రెండు పూటల్లో బూడిద పొర ముగించేశాను. పాత ఆవిడ తల ఎక్కడుందో అక్క తల సరిగ్గా అక్కడే పడింది, నేను అనుకోకుండానే. కళ్ళ మీద కళ్ళు, నోటి మీద నోరు వచ్చాయి. అక్క లేచి వచ్చి చూసింది. "అప్పుడే పంపించేశావా నన్ను?" అని నవ్వింది. "ఇంకా ఇరవై రోజులుంది కదే తల్లీ."

"శవం పొర అక్కా. ఆరాక రంగులు వేస్తాను."

"ఎప్పటికి ఆరతాను?"

"వేలు పెట్టి చూస్తాను కదా, చెబుతాలే."

"నువ్వూ ఆ డాక్టరూ తోడుదొంగలు. ఇద్దరికీ నన్ను నొక్కి చూడ్డమే పని," అంది. అప్పట్నుంచి రోజూ వస్తూనే అదే వేళాకోళం. గుమ్మంలోనే నిలబడి, ఆరిందా అని అడిగేది.

మూడో రోజు పొద్దున తలుపు తీసేసరికి గదిలో వాసన మారి ఉంది. నూనె వాసనే, దానికింద ఇంకొకటి. పిండకుండా మూలపడేసిన తడిబట్ట వాసన. కిటికీ తీసి ఈజిల్ దగ్గరికి వెళ్ళాను. అక్క కుడి బుగ్గ మీద బొటనవేలి ముద్ర ఉంది.

నాకు ముక్కు మీద కోపం. విసవిసా కిందికి దిగాను. మా ఆయన టిఫిన్ తింటున్నాడు.

"తడి బొమ్మ మీద వేలెందుకు పెట్టావు?"

"నేనా? ఆ కంపులోకి నేనెందుకు వస్తాను?"

"మరి ఎవరు పెట్టినట్టు?"

ఆయన ప్లేటు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, కంటికి భూతద్దం తగిలించుకుని మొదటిసారి ఆ గదిలోకి అడుగుపెట్టాడు. చాలాసేపు వంగి చూశాడు. తన వేలు పక్కన పెట్టి చూశాడు, అది ముద్రకి రెండింతలుంది. నా వేలు పట్టుకుని చూశాడు. నా బొటనవేలి మీద చిన్నప్పటి కత్తిగాటు ఉంది, ముద్రలో గాటు లేదు. అప్పుడు భూతద్దం తీసేసి మెల్లిగా అన్నాడు. "ఇది నొక్కింది కాదే."

"అంటే?"

"నొక్కితే గుంట పడాలి. ఇది పైకి లేచింది. తడుముకుని చూడు."

తడిమాను. గుంట కాదు. బొడిపె. గీతలతో సహా, లోపల్నుంచి ఎవరో బొటనవేలు ఆనించి చూసినట్టు.

"తేమకి ఉబ్బి ఉంటుందిలే," అన్నాడు మా ఆయన. అని కిందికి వెళ్ళిపోయాడు. టిఫిన్ మాత్రం పూర్తిచెయ్యలేదు.

పదింటికి అక్క వచ్చింది. ఆరిందా అంటూనే కూర్చుంది. కిటికీ వెలుగు దాని ముఖం మీద పడింది. కుడి బుగ్గ మీద బొటనవేలంత గుంట.

"బుగ్గకేమైందే?"

"దిండు అంచు నొక్కుకున్నట్టుంది. పొద్దుట్నుంచీ పూడటం లేదు." వేలితో రాసుకుంది. "నిద్రలో ఎవరో నొక్కినట్టు అనిపించిందే. నువ్వేమో అనుకుని కసిరాను కూడా."

ఆ రోజు నేను బ్రష్ ముట్టలేదు. తలనొప్పి అని చెప్పి పంపించేశాను. మర్నాడు బొమ్మ మీద ఇంకో రెండు ముద్రలు లేచాయి, నుదుటి మీద ఒకటి, గొంతు గుంట దగ్గర ఒకటి. అక్కకి చూస్తే అక్కడే. ఆ పైరోజు ఎడమ రొమ్ము మీద, గుండె ఉండేచోట. అది మాత్రం నేను అక్కని అడగలేదు. అడిగే ధైర్యం లేక కాఫీ పెట్టిచ్చాను. దాని ఒంటి రంగు మారిపోయింది. చెంపలు బూడిదగా ఉన్నాయి.

"ఒళ్ళంతా జిగురుగా ఉందే," అంది కప్పు పట్టుకుని. "రెండుసార్లు స్నానం చేశాను. పోవటం లేదు."

"మందులు పడటం లేదేమో. డాక్టరుకి ఫోన్ చేద్దాం."

"చేశాను. ఆపరేషన్‌కి ముందు భయానికి అలానే ఉంటుందన్నాడు." కాసేపు ఊరుకుంది. అక్క ఊరుకోవడం నేను చూసింది తక్కువ. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. "ఇంకోటుంది. నవ్వకు మరి. పడుకుంటే... ఎవరో ఉన్నట్టుంటోంది."

"పక్కనా?"

"పక్కన కాదే. నా కింద."

నేను నవ్వలేదు. అదీ నవ్వలేదు.

గురువుగారి దగ్గర నాకంటే ముందు పని నేర్చుకున్న ఒకాయన ఉన్నాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక బొమ్మలు మానేసి, పటాలకి చట్రాలు కడతాడు. మేమంతా ఫ్రేములన్నయ్య అంటాం. మర్నాడు మధ్యాహ్నం గొడుగు వేసుకుని ఆయన కొట్టుకి వెళ్ళాను. వాన మొదలైంది. కరెంటు లేదు. చెక్కపొట్టు మధ్య కూర్చుని మేకులు కొట్టుకుంటున్నాడు. కాన్వాస్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. బూడిద ఆడమనిషి అనగానే సుత్తి ఆగింది.

"దాని వెనక ఇరవై ఆరు వరసలు..."

"తెలుసు," అన్నాడు. "ఆయన ఏటా ఆ రోజు తలుపు వేసుకునేవాడు. నేను బయట రంగులు నూరుతూ వినేవాణ్ణి. లోపల ఎవరిదో ఆడగొంతు ఏదో అడిగేది. ఈయన 'లేదు' అనేవాడు. అంతే, ఒక్క మాట. తర్వాత పెన్సిల్ గీసిన చప్పుడు."

"ఎవరావిడ?"

"ఆయన భార్య అనుకున్నాం. అడిగే దమ్ము ఎవరికుంది? ఒక్కసారి మాత్రం తనే చెప్పాడు. జబ్బుగా ఉన్నప్పుడు ఆవిణ్ణి కూర్చోబెట్టి మొదలెట్టాడట. బూడిద పొర అవుతూనే పోయింది. పోయేముందు, ఇది ఆరగానే పైన మంచి పొర వేసి నిన్ను పైకి తెస్తాను, అప్పటిదాకా ఓపిక పట్టు అన్నాడట. ఆవిడ నమ్మింది." ఆయన నోట్లో పెట్టుకున్న మేకులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేశాడు. "మేమందరం ఏమనుకునేవాళ్ళం? ఆయన రంగు ఆరిందో లేదో చూసుకుని రాసుకుంటున్నాడని. కాదమ్మా. ఆవిడ అడుగుతుంటే జవాబు రాసేవాడు. ఆరింది అంటే ఆవిడ పైకి వచ్చేస్తుందని."

నేను చెక్కపొట్టు మీదే చతికిలబడ్డాను.

"చివరిదాకా లవంగ నూనె తెప్పించుకునేవాడు," అన్నాడు. "రంగులో కలిపితే ఆరదు కదా. నాకు మాత్రం పంటినొప్పి అని చెప్పేవాడు. ఆయన నోట్లో అప్పటికి ఒక్క పన్ను లేదు." నా ముఖంలోకి చూశాడు. "నువ్వు దానిమీద ఏమీ వెయ్యలేదు కదా?"

"అక్కని వేశాను."

"వెనక ఏం రాశావు?"

చూపు కిందికి దించేశాను. ఆయనకి అర్థమైపోయింది. నేను తొందరమ్మనని ఆయనకీ తెలుసు.

"గీకేస్తాను," అన్నాను. "ఇప్పుడే వెళ్ళి కత్తితో మొత్తం గీకి..."

"వద్దు," అన్నాడు, గొంతు తగ్గించి. "పైనున్నది ఎవరో కిందున్నది ఎవరో కత్తికేం తెలుసు? ముందు ఆ రాత మార్చు. మీ అక్కని మాత్రం ఆ గదిలోకి రానివ్వకు."

అక్క దగ్గర మా ఇంటి తాళంచెవి ఒకటి ఉంటుంది.

ఆ వానలో ఎలా ఇల్లు చేరానో నాకు గుర్తులేదు. గొడుగు ఎక్కడ వదిలేశానో ఇప్పటికీ తెలీదు. గుమ్మంలో అక్క చెప్పులు ఉన్నాయి. తడిచి ఉన్నాయి. పక్కింటావిడ మిషను చప్పుడు గోడ అవతల టకటకా నడుస్తోంది. మెట్ల మీద ఆ తడిబట్ట వాసన నాకు ఎదురొచ్చింది.

గది చీకటిగా లేదు. బూడిదగా ఉంది. మబ్బు దిగి కిటికీలోంచి వచ్చే వెలుగుకి రంగు లేదు. సీసాలకీ గోడకీ నా చేతులకీ దేనికీ రంగు లేదు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. గడ్డం రొమ్ముకి ఆనించి, తల కొంచెం పక్కకి వంచి. నిద్రపోతోంది. వింటున్నట్టు ఉంది.

"అక్కా."

పలకలేదు.

ఈజిల్ వైపు చూశాను. ముద్రలు నాలుగు కాదు ఇప్పుడు. ముఖమంతా ముందుకి లేచి ఉంది. ముక్కు, పెదాలు, కనురెప్పలు... తడిగుడ్డ వెనక ఎవరో ముఖం ఆనించినట్టు. పెదవి మూల సన్నటి పగులు. నేను చూస్తుండగానే అది ఇంకొంచెం పాకింది. అక్క వైపు తిరిగాను. దాని పెదవి మూల నుంచి ఒక్క చుక్క నెత్తురు.

"ఆరిందా...?"

అక్క నిద్రలో అడిగింది అనుకున్నాను. రోజూ అడిగేదే కదా. కానీ అక్క నోరు మూసి ఉంది.

మళ్ళీ వినిపించింది. దుప్పటి కిందనుంచి మాట్లాడినట్టు, చాలా దగ్గరగా, చాలా ఓపిగ్గా.

"ఆరిందా?"

అక్క ఊపిరి వదిలింది. మళ్ళీ తీసుకోలేదు. లెక్కపెట్టాను. ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదులో తీసుకుంది. గొంతులో జిగురు తెగినట్టు చప్పుడు.

అక్కని ఎత్తుకుపోదామని చంకల్లో చెయ్యి వేశాను. కదల్లేదు. ఎనభై కిలోల మనిషని కాదు. కుర్చీకి అంటుకున్నట్టు ఉంది. వీపు వదలటం లేదు.

వెనక రాత. రాత మార్చాలి. ఈజిల్ గోడకి ఆనుకుని ఉంది. లాగాను, రాలేదు. గోడకీ కాన్వాస్‌కీ మధ్య జానెడు సందు. పెన్సిల్ కోసం చూశాను, ఎక్కడా లేదు. చేతులు కాలాక ఆకుల కోసం వెతకడమంటే ఇదే. రంగులు కలిపే పాలెట్ మీద మిగిలిన బూడిద రంగులో బొటనవేలు ముంచి, ఆ సందులోకి పక్కగా దూరాను. వీపుకి గోడ. ముక్కుకి కాన్వాస్ గుడ్డ. అవతల ఆవిడ ముఖం, ఇవతల నా ముఖం. మధ్య ఒక గుడ్డే.

"ఆరిందా?" అని నా ముక్కు ముందే అడిగింది.

"లేదు," అన్నాను. గొంతు రాలేదు. ఊపిరే వచ్చింది. "లేదమ్మా... ఇంకా లేదు."

చప్పుడు లేదు. మిషను కూడా ఆగింది. అక్క ఊపిరి వినిపించటం లేదు. ఒకటి. రెండు. మూడు. ఇరవై ఏడో వరస వేలితో తడుముతూ వెతికాను. ఆరింది అన్న నా మాట మీద అడ్డంగా రంగు రుద్దేశాను. ఆరు. ఏడు. పక్కన రాయడం మొదలెట్టాను. అక్షరాలు పడటం లేదు. తొమ్మిది... పది... రాస్తున్న నా వేలికి అటువైపు నుంచి ఇంకో వేలు ఆనింది. గుడ్డలోంచి. నా వేలు ఎటు పోతే అటు వస్తోంది. ఏం రాస్తున్నానో చదువుకుంటోంది.

ఆ. ర. లే. దు.

చివరి అక్షరం దగ్గర ఆ వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత వదిలేసింది.

పంతొమ్మిదిలో అక్క ఊపిరి తీసుకుంది.

సందులోంచి పాక్కుంటూ బయటికి వచ్చి నేలమీద కూలబడ్డాను. బొమ్మ మామూలుగా, బల్లపరుపుగా ఉంది. పగులు మాత్రం పోలేదు. అక్క కళ్ళు తెరిచింది. "నిద్ర పట్టేసిందే. ఏంటా అవతారం, ముఖమంతా మసి?" అంది. నావైపు, బొమ్మవైపు చూసి, నవ్వుతూ, "ఇంతకీ ఆరిందా?" అంది.

"లేదక్కా," అని దాని ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. ఆపరేషన్ గురించి బెంగ అనుకుని నా తల నిమిరింది. లైన్లోనే ఉన్నాను కదే అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరే ఆశ్చర్యపోయాడు. అక్కకి రంగు తిరిగింది, గుంటలు పూడాయి. మెట్లు ఎక్కుతోంది, తిడుతోంది, అన్నం సయిస్తోంది. మూడు నెలలైంది.

నాకిప్పుడు ఓపిక వచ్చింది. వచ్చింది అనడం కంటే, రాక చస్తుందా. రోజూ పొద్దున్నే, పళ్ళయినా తోముకోకముందే మేడ ఎక్కుతాను. దూదితో లవంగ నూనె అద్ది అక్క ముఖమంతా తడుపుతాను. వెనక్కి వెళ్ళి తేదీ వేసి ఆరలేదు అని రాస్తాను. గురువుగారికి ఏడాదికి ఒకసారి సరిపోయింది. నాకు రోజూ రాయకపోతే నిద్ర పట్టదు. రంగులు ఎప్పుడు వేస్తావని అక్క దెప్పుతూనే ఉంది. నన్ను బూడిదగానే వదిలేస్తావా ఏంటే అంటుంది. నేను నవ్వేస్తాను. ఇంటినిండా లవంగ నూనె వాసన. మా ఆయన ఎవరడిగినా నాకు పంటినొప్పి అని చెబుతున్నాడు.

ఇవాళ అక్కని మూడో నెల చూపించుకోవడానికి తీసుకెళ్ళాలి. పొద్దున యథాప్రకారం తడిపాను, రాశాను. ఆపరేషనయ్యాక ముందు గుండీల నైటీలతోనే గడిపిన అక్క ఇవాళే మళ్ళీ గౌను వేసుకుని, శాలువా కప్పుకుని, ముస్తాబై మా ఇంటికే వచ్చింది. కింద టాక్సీ హారన్ కొడుతోంది. అక్క వీపు నావైపు తిప్పి, "జిప్పు పెట్టవే, తొందరగా," అంది.

జిప్పు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

దాని వీపు మీద, వెన్నెముక పక్కన, చర్మం కింద పెన్సిల్ గీతల్లాంటి సన్నటి బూడిద అక్షరాలు ఉన్నాయి. తేదీ, పక్కన ఆరలేదు. దానికింద తేదీ, పక్కన ఆరలేదు. మూడు నెలల తేదీలూ వరసగా ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పలేదు. రాత నాది కాదు. గురువుగారిదీ కాదు.

"అంతసేపేంటే? పట్టడం లేదా?"

"పడుతోంది. ఉండు."

అన్నిటికంటే కింద ఇవాళ్టి తేదీ ఉంది. దాని పక్కన మాట లేదు. ఒక బొటనవేలి ముద్ర ఉంది. గుంట కాదు.

నా బొటనవేలు దానిమీద ఆనించాను. గట్టిగా నొక్కి, మెల్లిగా తీశాను.

అంటుకోలేదు.